తూకం ఆపి కాపీ తీయాలి

చిత్త కార్తె, ఆఖరి రోజు

సిస్టమ్ పట్టా ఉన్నవాళ్ళు రోజూ సర్వర్ గదిలో కూర్చుని దినచర్య రాయాలని పరీక్ష పెట్టి పట్టాలిచ్చే కొండ మీది బోర్డు నియమం. ఏం జరగకపోయినా రాయాలట. కాబట్టి రాస్తున్నాను, ఏం జరగలేదు. ఫ్యాన్లకు పట్టిన ఉప్పు గీకాను. బ్యాటరీల్లో నీళ్ళు పోశాను. సోలార్ పలకల మీద కాపురం పెట్టిన నీటికాకుల్ని తోలాను. అవి మళ్ళీ వచ్చాయి.

పొద్దున్న సంఘం పెద్ద లంకె పేరంటాలు గారు బియ్యం బస్తాతో మా పంటు ఎక్కుతూ, అంచున నిలబడి "నేను అరవై, బస్తా పాతిక" అని కేకేశారు. ఆవిడ అరవై కిలోలైతే నేను సన్నజాజి తీగని. కట్టుపాలెంలో బరువు చెప్పకుండా ఎవరూ పంటు మారరు, కొత్త పెళ్ళికూతురైనా సరే. ఆ కేక అందుకుని ఎవరో ఒకరు తూకంలో ఎక్కిస్తారు. ఏ పంటు మీద ఏ మూల ఎంత బరువుందో తూకం చెబితే, దాన్ని బట్టి పంపులు అడుగున ట్యాంకుల్లో నీళ్ళు నింపడమో తోడడమో చేస్తాయి. అందుకే ఇళ్ళు మోస్తూ తేలే పంటుల్ని ఇనప తాళ్ళతో ఒకదానికొకటి కట్టిన మా ఊరు సముద్రం మీద చదునుగా నిలబడుతోంది. పేరంటాలు గారి పేరు పక్కన మాత్రం దైవాధీనం గారు చప్పుడు చేయకుండా పదిహేను కలుపుతారు.

దైవాధీనం గారిది డేటా పట్టా. తూకం అనే డేటాబేస్ మొత్తం ఆయన చేతిలో ఉంటుంది. నాది సిస్టమ్ పట్టా, అంటే పెట్టెలు, తీగలు, పంపులు, బ్యాకప్‌లు. పట్టా పుచ్చుకునే రోజు మేం సర్వర్ మీద చెయ్యి వేసి "పెట్టె నాది, లోపలి సరుకు నాది కాదు" అని మూడుసార్లు అనాలి. నేను గట్టిగా అన్నాను. ఇన్నాళ్ళూ నాకు దాంతో పేచీ లేదు.

ఇవాళ బోర్డు అన్ని ఊళ్ళ పట్టాదారుల్నీ ఒక ప్రశ్న అడిగింది. సిస్టమ్ పట్టా పరీక్షలో డేటాబేస్ పేపర్ కూడా చేర్చాలా? అక్కర్లేదని జవాబు పంపాను. ఉన్న సిలబస్‌కే మా నడుం వంగిపోయింది. మర బాగు చేసేవాడికి మరలో ఆడించే పిండి సంగతి ఎందుకు?

స్వాతి కార్తె, రెండో రోజు

దైవాధీనం గారు కంటి ఆపరేషన్‌కి కొండ మీదికి బయల్దేరారు. పడవ ఎక్కేముందు తూకం పాస్‌వర్డ్ పేరంటాలు గారికి నోటితో చెప్పి, మూడుసార్లు అప్పజెప్పించుకున్నారు. డేటా పట్టా ఉన్నవాళ్ళు వస్తేనే ఆవిడ దాన్ని పెదవి దాటనివ్వాలి.

"నేనొచ్చేదాకా తూకం జోలికి వెళ్ళకమ్మా మరిడేశ్వరీ," అన్నారు నాతో.

"మీ సరుకు నాకెందుకండీ?" అన్నాను.

ఆయన నవ్వలేదు. ఆ మనిషికి పరాచికాలు ఎక్కవు.

స్వాతి కార్తె, ఐదో రోజు

పొద్దున్నే దిక్కులు పగిలేలా ఉరిమి, పిడుగు మా సర్వర్ గది స్తంభం మీదే పడింది. తూకం ఉన్న డిస్కు మాడిపోయింది. నేనేం కంగారు పడలేదు. ఇలాంటి రోజు కోసమే కదా పట్టా ఇచ్చింది. కొత్త డిస్కు బిగించి, నిన్నటి బ్యాకప్ దాని మీదకి ఎక్కించి, ఒక్కో ఫైలూ సరిపోల్చాను. అన్నీ అచ్చుగుద్దినట్టు ఉన్నాయి. సిలబస్ ప్రకారం ఇంకేం చేయక్కర్లేదు.

తూకం తెరుచుకోలేదు. మొన్నటి బ్యాకప్ ఎక్కించాను, అదీ తెరుచుకోలేదు. అటుమొన్నటిది కాసేపు ఆశపెట్టి ఆగిపోయింది. మధ్యాహ్నానికి పంపులు నిలిచిపోయాయి. నీళ్ళ చప్పుడు లేని ఊరు ఎలా ఉంటుందో నాకు ఈరోజే తెలిసింది. మా పంటు అప్పుడే కొంచెం ఒరిగింది. పొయ్యి మీది గిన్నె జరిగి చారు ఒలికిపోయింది.

సాయంత్రం రేడియోలో తుఫాను కబురు వచ్చింది. ఎల్లుండికి మన మీదే ఉంటుందట. నాకు భయమేసింది.

స్వాతి కార్తె, ఆరో రోజు

పొద్దున్నే సంఘం కూర్చుంది. నియమం అందరికీ తెలిసిందే. తూకం లేని ఊరు తుఫానులో కలిసి ఉండకూడదు. ఒక పంటు ఒరిగితే తాడుకున్న పక్క పంటుని కూడా లాక్కుపోతుంది. తాళ్ళు విప్పేసి, ఎవరి పంటు వాళ్ళు కొండ కయ్యల్లోకి, గాలి సోకని ఆ ఇరుకు పాయల్లోకి, ఈడ్చుకుపోవాలి.

విప్పడం తేలిక. రావులరేవు వాళ్ళు అలాగే విప్పారు. తుఫాను పోయాక సగం మంది కయ్యల్లోనే పనులు చూసుకున్నారు, కొందరు పంటులు అమ్ముకున్నారు, ఆ ఊరు మళ్ళీ కట్టుకోలేదు. ఇప్పుడు రావులరేవంటే పటంలో ఒక పేరు, అంతే. ఆ మాట ఎవరూ అనలేదు గానీ అందరి ముఖాల్లోనూ అదే ఉంది.

"పంటు ఎంత ములిగిందో నీటి గీత చూసి బరువు పట్టలేవేంటే మరిడీ?" అన్నారు పేరంటాలు గారు.

"కెరటం ఇలా లేత్తుంటే గీత ఎక్కడ నిలబడతాదండీ? పైగా బరువు ఏ మూలనుందో గీత చెప్పదు కదా."

"పోనీ అందర్నీ మళ్ళీ చెప్పమందారి."

"మడిసి బరువు చెప్తాడు. గాదెలు, వలలు, మంచినీళ్ళ పీపాలు, చనిపోయినోళ్ళ సామాను, ఇయ్యన్నీ ఎవరికి గుర్తుంటాయండీ? వారం పడతాది."

రేడియోలో బోర్డుని పట్టుకున్నాను. అధ్యక్షురాలు మండా స్వరాజ్యలక్ష్మి గారే మాట్లాడారు. తూకాన్ని నేను లేపడానికి ప్రయత్నిస్తానన్నాను.

"వద్దు. డేటా పట్టా లేని చెయ్యి తూకం మీద పడకూడదు. విప్పేయండి," అన్నారు.

"ఊరు పోతుందండీ."

"మనుషులు మిగులుతారు. నీలరేవులో మీలాంటి సిస్టమ్ ఆయనే ఒకరి బరువు సరిచేయబోయాడు. ఎవరిదో చెప్పడం మరిచిపోయి ఆజ్ఞ ఇచ్చాడు. ఊరందరి బరువూ ఒకటే అయి కూర్చుంది. పంపులు దాన్ని నమ్మాయి. తొమ్మిది శవాలు తీశాం. వాటిలో ఒకటి మా తమ్ముడిది."

ఆవిడ మీద కోపంతో ఉన్నదాన్ని, ఆ కోపం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

తర్వాత ఆసుపత్రికి కలిపించుకున్నాను. దైవాధీనం గారికి రెండు కళ్ళకీ కట్లున్నాయి. విషయమంతా విని, "బ్యాకప్ ఎప్పుడు తీస్తావు?" అన్నారు.

"పొద్దున్న మొదలెడితే మధ్యాహ్నానికి అవుతుందండీ."

"తూకం ఆపి తీస్తావా, నడుస్తుండగానా?"

"ఆపమని సిలబస్‌లో లేదండీ."

ఆయన అబ్బా అని మూలిగారు. కళ్ళ నొప్పేమో అనుకున్నాను గానీ, కాదు.

అప్పుడు చెప్పారు. నేను మొదటి ఫైలు కాపీ చేసేటప్పుడు పేరంటాలు గారు తన పంటు మీద ఉంటారు. ఆఖరి ఫైలు దగ్గరికి వచ్చేసరికి మా ఇంట్లో టీ తాగుతుంటారు. నా కాపీలో ఆవిడ రెండు చోట్లా ఉంటారు, లేదా ఎక్కడా ఉండరు. పెళ్ళి భోజనాల్లో జనం లేస్తూ కూర్చుంటూ ఉండగా తలలు లెక్కపెట్టినట్టన్నమాట. ప్రతి ఫైలూ సరైనదే, అన్నీ కలిపితే అలాంటి ఊరు ఏ నిమిషంలోనూ లేదు. అందుకే తూకం దాన్ని ఒప్పుకోవడం లేదు. పట్టా పుచ్చుకున్న దగ్గర్నుంచీ రోజూ పనికిరాని కాపీలు తీసి, సరిపోల్చి, సంతకం పెడుతున్నాను. నేనే కాదు, అన్ని ఊళ్ళ సిస్టమ్ వాళ్ళూ ఇదే చేస్తున్నారు. ఒళ్ళు మండిపోయింది.

"తూకం ఆగి ఉంటే కాపీ అరగంటలో అయిపోతుంది. దసరా ముందు నేను అలా ఒకటి తీశాను," అన్నారాయన. "అది మంచిది. ఆ తర్వాత జరిగిన ప్రతి మార్పూ వరసగా రెండో డిస్కు మీద పడుతూనే ఉంటుంది. ఆ కాపీ లేపి, దాని మీద మార్పులన్నీ వరస తప్పకుండా మళ్ళీ జరిపించాలి. పిడుగుకి ముందే ఆపాలి. ఎక్కడ మొదలుపెట్టాలో జాగ్రత్త..."

అక్కడ రేడియో తెగిపోయింది. మళ్ళీ కలవలేదు.

పేరంటాలు గారి దగ్గరికి వెళ్ళి పాస్‌వర్డ్ అడిగాను.

"నీ పట్టా పోతాదే."

"ఊరు లేపోతే పట్టా ఏం చేసుకుంటానండీ?"

"మద్దేనానికి లెగాల. లెగకపోతే తాళ్ళు ఇప్పించేత్తాను. నన్ను తిట్టుకోకు," అని, చెవిలో చెప్పారు.

స్వాతి కార్తె, ఆరో రోజు, మధ్యాహ్నం దాటాక

ఆవేశం తగ్గకముందే రాసేస్తున్నాను.

మొట్టమొదట ఉన్న డిస్కులన్నిటికీ నకళ్ళు తీసి, అసలువి బీరువాలో పెట్టి తాళం వేశాను. ఒకటే ఉన్న వస్తువు మీద ప్రయోగం చేయకూడదన్నది ఒక్కటీ మా సిలబస్ గొప్పగా నేర్పింది. తర్వాత దసరా కాపీ లేపాను. అది తెరుచుకుంది. దసరా నాటి మా ఊరు తెర మీద కనిపించింది, కొత్త బట్టల మూటలతో సహా. సంతోషం పట్టలేక మార్పుల డిస్కులో ఉన్నదంతా మొదట్నుంచీ జరిపించేశాను.

అదే తప్పు. ఆ డిస్కులో దసరా కాపీకి ముందు మార్పులు కూడా ఉన్నాయి. అవి అప్పటికే కాపీలో ఉన్నాయి కాబట్టి రెండోసారి జరిగాయి. పడవెక్కి వెళ్ళిపోయిన చుట్టాలు మళ్ళీ వెళ్ళిపోయి సున్నా కంటే తక్కువయ్యారు. పేరంటాలు గారు రెండు గేదెలంత తూగారు. ఆవిడ నా వెనకే నిలబడి తెర చూస్తున్నారు.

"అది నేనేనేంటే?"

"కాదండీ, నా తెలివితక్కువతనం."

పంపులు ఇంకా కలపలేదు కాబట్టి ఎవరికీ ఏమీ కాలేదు. పాడైంది నకలే కాబట్టి దాన్ని చెరిపేశాను. నీలరేవు ఆయనకి ఈ రెండూ ఎవరూ చెప్పి ఉండరు. పాపం అనిపించింది. బయట జనం తాళ్ళ ముళ్ళ దగ్గర చేరి పెద్దావిడ మాట కోసం చూస్తున్నారు. మంచినీళ్ళు తాగి మళ్ళీ కూర్చున్నాను.

ఈసారి దసరా కాపీ ఏ మార్పు దగ్గర ఆగిందో ముందు వెతికాను. అది ఆ కాపీలోనే ఉంది, చూడాలని తెలిస్తే చాలు. దాని తర్వాతి మార్పు నుంచి మొదలుపెట్టి, పిడుగుకి ముందు ఆఖరి మార్పు దగ్గర ఆపాను. తెర మీద ఊరు కదులుతూ వచ్చింది. వలలు ఎక్కాయి, దిగాయి. ఒక బిడ్డ పుట్టి ఊరు మూడు కిలోలు పెరిగింది. దైవాధీనం గారు పెట్టెతో సహా పడవెక్కి తగ్గిపోయారు. తర్వాత అంతా నిశ్చలమైంది.

పంపులు కలపలేదు. పేరంటాలు గారు మెగాఫోన్ పట్టుకుని వరసకో పంటు చొప్పున పిలిచి, పిడుగు పడే వేళకి ఎవరెక్కడున్నారు, ఏం పెట్టుకున్నారు అని అడిగారు. ప్రతి జవాబూ తెర మీది దానితో కలిసింది. పిడుగు తర్వాత ఊళ్ళో కదిలిన నాలుగు వస్తువులు ఎవరివి వాళ్ళే కేకేసి చెప్పారు, ఎక్కించాను. ఆఖర్న ఆవిడ మెగాఫోన్ నోటి దగ్గరే ఉంచుకుని, "నేను డెబ్బై ఐదు," అన్నారు. ఊరంతా విన్నది.

పంపులు కలిపాను. ఒకటి దగ్గింది, రెండోది అందుకుంది, ఆ తర్వాత వరసలన్నీ మోగాయి. నేను ఏడ్చేశాను. తాళ్ళ దగ్గరున్నవాళ్ళు ముళ్ళు విప్పడం మాని ఇంకా బిగించడం మొదలుపెట్టారు.

స్వాతి కార్తె, తొమ్మిదో రోజు

తుఫాను వెళ్ళింది. రెండు రోజులు ఏమీ రాయలేదు, బోర్డు ఏం చేసుకుంటుందో చేసుకోమనండి. పైకప్పులు ఎగిరాయి, కోళ్ళు పోయాయి, నీటికాకులు మాత్రం పోలేదు. ఒక్క పంటు విడిపోలేదు, ఒక్క మనిషి తగ్గలేదు. కట్టుపాలెం ఉన్నచోటే ఉంది. నేను చేపల పులుసుతో కుండెడు అన్నం తిన్నాను.

రేడియో కలవగానే మొదట చేసిన పని, నాకు తెలిసిన సిస్టమ్ వాళ్ళందరికీ చెప్పడం. గాలి లేని రోజు చూసి తూకం ఆపి కాపీ తీయండి, ఆ అరగంటా పంపులు చేత్తో నడుపుకోండి అని. కొందరు నవ్వారు. ముత్యాలరేవు షేక్ నాగూర్ మాత్రం రెండుసార్లు అడిగి తెలుసుకున్నాడు.

విశాఖ కార్తె, నాలుగో రోజు

నా పట్టా నిలిపేశారు. స్వరాజ్యలక్ష్మి గారు స్వయంగా పడవ మీద వచ్చారు విచారణకి. వెంట నల్లకళ్ళద్దాలతో దైవాధీనం గారు. సర్వర్ గదిలోనే కుర్చీలు వేశాం. నా మీద ఆరోపణలు రెండు. పట్టా లేకుండా తూకం ముట్టుకున్నాను, బోర్డుని అడక్కుండా మిగతా ఊళ్ళకి సలహాలిచ్చాను. రెండూ నిజమేనన్నాను.

"మీరు గెలిచారు, సంతోషం," అన్నారు అధ్యక్షురాలు. "కానీ గెలిచినవాళ్ళని చూసి నియమం రాయలేను. రేపు ప్రతి సిస్టమ్ పట్టాదారూ అరకొర చదువుతో లోపల చెయ్యి పెడితే?"

"అరకొర చదువుతో ఇప్పటికే పెడుతున్నామండీ. రోజూ బ్యాకప్ తీయడం చెయ్యి పెట్టడం కాదా? తలుపు ముట్టుకోవద్దన్నారు, ఇల్లు కాపాడమన్నారు."

"పేపర్ వద్దని పోయిన నెల మీరే జవాబు పంపారు."

"పంపానండీ. అప్పుడు ఏం తెలియదో నాకు తెలియదు."

ఆవిడ దైవాధీనం గారి వైపు తిరిగారు. "మీరేమంటారు?"

"నా గదిలో ఇంకొకరు దూరారు. నాకు కోపంగానే ఉంది," అన్నారాయన. "కానీ నేను కళ్ళకి కట్టు కట్టుకుని మంచం మీద ఉన్నాను. ఆమెని నా అంత చేయమనను. ఆపి కాపీ తీయడం, చచ్చిన తూకాన్ని నకలు మీద లేపడం, పంపులు కలిపే ముందు సరిచూడడం, ఇవి చేతిలో ఉండాలి. పుస్తకం చాలదు, చేసి చూపించాలి. అలాగే మా డేటా వాళ్ళకి పెట్టెల సంగతి కూడా కాస్త నేర్పండి. పిడుగు పడితే ఏ తీగ పీకాలో నాకు ఇప్పటికీ తెలియదు."

అధ్యక్షురాలు ఏదో అనబోయారు. అప్పుడే రేడియో గురగురలాడింది.

"కట్టుపాలెం, కట్టుపాలెం. మరిడేశ్వరి గారున్నారాండీ? ముత్యాలరేవు నుంచి నాగూర్‌నండీ. తూకం పడిపోయిందండీ. డేటా ఆయన పెళ్ళికని ఊరెళ్ళాడు. రేపు సాయంత్రానికి గాలి వచ్చేస్తందంట. మావోళ్ళు తాళ్ళు ఇప్పుతామంటన్నారండీ."

మైకు బల్ల మీద ఉంది, ఆవిడకీ నాకూ మధ్య. నా చెయ్యి లేచి ఆగిపోయింది. పట్టా లేని మనిషిని. ఆవిడ ముఖంలో నీలరేవు కనిపిస్తూనే ఉంది. కిటికీలోంచి మా ఊరు కూడా కనిపిస్తోంది, వరసలన్నీ కట్టుగా, ఎవరో పంటు అంచున నిలబడి బరువు కేకేస్తున్నారు. ఆవిడ అటు చూశారు. తర్వాత మైకు నా ముందుకి జరిపారు.

"నాగూర్ గారూ, ఆపి తీసిన కాపీ ఉందా?"

"ఉందండీ. మీరు చెప్పిన మర్నాడే తీశానండీ."

మైకు దగ్గరికి లాక్కున్నాను. "అయితే కంగారు పడకండి. ముందు అన్నిటికీ నకళ్ళు తీయండి. అసలువి తాళం వేయండి."

ఒక్కో మెట్టూ చెప్పాను. ఎక్కడ మొదలుపెట్టాలో రెండుసార్లు చెప్పాను, ఎందుకంటే నేను అక్కడే బోల్తా పడ్డాను. ఆయన మధ్యలో ఒకచోట ఆగిపోతే దైవాధీనం గారు కళ్ళద్దాలు తీసేసి నా భుజం మీదుగా వంగి చెప్పారు. పేరంటాలు గారు టీలు పంపించారు. అధ్యక్షురాలి టీ చల్లారిపోయింది. పంపులు కలపబోతుంటే "ఆగండి, ముందు ఊరివాళ్ళని అడిగి సరిచూడండి" అన్నది నేను కాదు, ఆవిడే. నాగూర్ అలాగేనని వెళ్ళాడు. మేం ముగ్గురం రేడియో వంక చూస్తూ కూర్చున్నాం.

చాలాసేపటికి అవతలి నుంచి నీళ్ళ చప్పుడు వినబడింది. దాని వెనక జనం కేకలు.

"లేచిందండీ," అన్నాడు నాగూర్. ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో తెలియలేదు. "అన్నీ కలిశాయండీ. తాళ్ళు ఇప్పట్లేదండీ మావోళ్ళు. మా ఊరు ఉంటాదండీ." తర్వాత, "సంఘం దస్త్రంలో రాయాలంట. ఇంతకీ మీది ఏ పట్టా అండీ? డేటా పట్టాయేనా?" అని అడిగాడు.

స్వరాజ్యలక్ష్మి గారు నా చేతిలోంచి మైకు తీసుకున్నారు.

"బోర్డు నుంచి మాట్లాడుతున్నాను, రాసుకోండి," అన్నారు. "ఆవిడది సిస్టమ్ పట్టా. ఇవాళ్టి నుంచి ఇది కూడా ఆ పట్టాలో పనే."